ఫారంలో ఒక గడి: గైడుగా నేను చూసిన ఈ-వీసా కాలం

2012 నాటి నా డైరీలో ఫిబ్రవరి పేజీలు అంతకుముందు ఏడాది ఆగస్టులోనే నిండిపోయి ఉంటాయి. "జర్మనీ బృందం, పద్దెనిమిది మంది, నాలుగో తేదీ, ఉదయం గోల్కొండ, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం" అని నెలల ముందే రాసుకునేదాన్ని. ఇప్పటి డైరీలో అవే పేజీలు జనవరి మూడో వారం దాకా తెల్లగా ఉంటాయి. ఆ తర్వాత ఫోను మోగుతుంది. "మేడమ్, భార్యాభర్తలిద్దరు. వచ్చే మంగళవారం దిగుతున్నారు. ఒక రోజు హైదరాబాద్, వీలైతే మర్నాడు రామప్ప. మీకు కుదురుతుందా?"

నేను హైదరాబాద్‌లో జర్మన్ మాట్లాడే టూరిస్టు గైడును. ఈ రెండు డైరీల మధ్య తేడాకు చవక విమాన టిక్కెట్లూ, హోటల్ బుకింగ్ యాప్‌లూ కొంత కారణమే. అసలు మలుపు మాత్రం ఈ-వీసా అనే ఒక ఆన్‌లైన్ ఫారంతో వచ్చిందని నా గట్టి నమ్మకం. పర్యాటక విధానం అనగానే మనకు మంత్రుల ప్రసంగాలు, రంగురంగుల ప్రకటనలు గుర్తొస్తాయి. మ్యూనిక్‌లో తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని సెలవులకు ఎటు వెళ్దామా అని చూస్తున్న మనిషికి మాత్రం మన విధానం అంటే ఆ ఫారంలో కనిపించే గడులే. ఏ దేశం వాళ్లకు అది తెరుచుకుంటుంది, ఎన్ని రోజులు ఉండనిస్తుంది, ఎన్నిసార్లు రానిస్తుంది, ఏ ఊళ్లో దిగమంటుంది, ఎంత రుసుము అడుగుతుంది. ఈ ప్రశ్నలకు ఢిల్లీలో ఎవరో ఇచ్చిన జవాబులే నా సీజను ఎలా ఉండాలో తేలుస్తున్నాయి. అందుకే పర్యాటకం మీద ఏ ప్రకటన వచ్చినా నేను ముందు ఆ ఫారం తెరిచి చూస్తాను.

పాత పద్ధతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. పాస్‌పోర్టు, ఫొటోలు, కాగితాలు అన్నీ మన రాయబార కార్యాలయానికి పంపి వారాల తరబడి ఎదురుచూడాలి. ఉద్యోగం చేసుకునేవారు ఆ తిప్పలు పడలేక టూర్ కంపెనీకి అప్పగించేవారు. కంపెనీ పద్దెనిమిది మందిని, ఇరవై మందిని పోగుచేసేది. అంతమంది అంటే బస్సు కావాలి. బస్సు చార్మినార్ దగ్గరికి రాదు. కాబట్టి దూరంగా దించి, జెండా పట్టుకుని నడిపించి, లాడ్ బజార్‌లో ఒక్క గాజుల దుకాణం చూపించి, తల లెక్కపెట్టుకుని వెనక్కి తీసుకురావాలి. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ అయ్యాక దక్షిణాదికి మిగిలిన రోజుల్లో హైదరాబాద్‌కు ఒక పూట దక్కేది. మా ఊరి చరిత్రంతా ఆ పూటలో ఇమిడ్చేదాన్ని.

2010 జనవరిలో ఒక ప్రయత్నం జరిగింది. ఫిన్లండ్, జపాన్, లక్సెంబర్గ్, న్యూజిలాండ్, సింగపూర్ పౌరులకు విమానం దిగాక వీసా ఇస్తామన్నారు. వేల మైళ్లు ప్రయాణించి వచ్చి, అర్ధరాత్రి వరుసలో నిలబడి, అక్కడ కాదంటే ఏం చేయాలి అన్న బెంగ ఎవరికైనా ఉంటుంది. అసలు తలుపు తెరుచుకున్నది 2014 నవంబరు 27న. 43 దేశాల పౌరులు ఇంటి నుంచే దరఖాస్తు చేసి, రుసుము కట్టి, బయలుదేరక ముందే అనుమతి పత్రం ఈమెయిల్‌లో అందుకునే వీలు ఆరోజు మొదలైంది. ఆ 43 దేశాల్లో జర్మనీ ఉంది. అలా వచ్చినవారిని తొమ్మిది విమానాశ్రయాల్లోనే అనుమతించేవారు. ఆ తొమ్మిదింటిలో శంషాబాద్ ఉంది. ఈ రెండూ కలిసి రావడం నా అదృష్టం. ఫ్రెంచి గైడుగా పనిచేసే నా స్నేహితురాలు అలాంటి కబురు కోసం ఇంకా చాలా నెలలు ఎదురుచూసింది. ఇద్దరం చెప్పేది అదే గోల్కొండ, అవే కుతుబ్‌షాహీలు. తేడా అంతా జాబితాలో ఏ దేశం పేరు ఎప్పుడు చేరిందన్నదే.

తర్వాతి అంకెలు ఆశ్చర్యంగానే ఉంటాయి. ఈ-వీసాతో 2015లో 4.45 లక్షల మంది వచ్చారు. 2016లో 10.79 లక్షలు, 2017లో 16.97 లక్షలు, 2018లో 23.69 లక్షలు, 2019లో 29.28 లక్షలు. నాలుగేళ్లలో ఆరు రెట్లకు పైగా పెరిగిన ఈ వరుసను ఎన్ని సభల్లో చూపించారో చెప్పలేను. చూపించాల్సిందే, అది నిజమైన విజయం. అయితే దాని పక్కన ఇంకో వరుస పెట్టి చూడాలి. మొత్తం విదేశీ పర్యాటకులు 2017లో సుమారు 1.004 కోట్లు, 2019లో సుమారు 1.093 కోట్లు. అంటే ఆ రెండేళ్లలో మొత్తం పెరిగింది దాదాపు 9 లక్షలు. అదే కాలంలో ఈ-వీసా మీద పెరిగింది 12 లక్షలకు పైగా. మిగతా దారుల్లో వచ్చేవాళ్లు మూడు లక్షలకు పైగా తగ్గారన్నమాట. కొత్త అతిథులు వచ్చిన మాట ఎంత నిజమో, పాత అతిథులు కొత్త కిటికీకి మారిన మాటా అంతే నిజం. ఈ రెండింటినీ విడదీయకుండా "డిజిటల్ వల్ల పర్యాటకం పెరిగింది" అనేస్తే లెక్క తప్పుతుంది, దాని మీద కట్టే విధానమూ తప్పుతుంది.

నా దృష్టిలో ఈ-వీసా తెచ్చిన పెద్ద మార్పు సంఖ్యలో కంటే మనుషుల్లో కనిపించింది. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు పెరిగారు. పదవీ విరమణ చేసిన టీచర్లు, తల్లీకూతుళ్లు, చేనేత చూడాలని మాత్రమే వచ్చినవాళ్లు, ఒక్క పోచంపల్లిలోనే రోజంతా కూర్చుంటామన్నవాళ్లు వచ్చారు. ఇద్దరితో నడిస్తే చార్మినార్ చుట్టుపక్కల సందులన్నీ మనవే. పథ్తర్‌గట్టీలో అత్తరు అమ్మే పెద్దాయన దగ్గర అరగంట కూర్చోవచ్చు. ఆయన గాజుకడ్డీతో మణికట్టు మీద అత్తరు రాసి, కాసేపు ఆగి వాసన చూడమంటారు. వెంటనే చూస్తే ఒప్పుకోరు. బస్సు బృందానికి ఆ "కాసేపు" ఎప్పుడూ దొరకలేదు. ఖర్చు కూడా మారింది. బృందం డబ్బు కంపెనీకీ హోటల్‌కూ పోయేది. ఇద్దరు వస్తే ఆటోవాలాకు, అత్తరు దుకాణానికి, భూదాన్ పోచంపల్లిలో మగ్గం నేసే ఇంటికి నేరుగా చేరుతుంది. వచ్చినవాళ్ల తలలు మాత్రమే లెక్కపెట్టే పట్టికలో ఈ మార్పుకు చోటు లేదు.

గడులు ఎంత పని చేస్తాయో చెప్పడానికి ఒక ఉదాహరణ. మొదట్లో ఈ-వీసాకు 30 రోజులు, ఒకే ప్రవేశం. జర్మన్లకు దక్షిణ భారతమూ శ్రీలంకా కలిపి చూసే అలవాటు ఉంది. చెన్నైలో దిగి, మధురై చూసి, కొలంబో వెళ్లి, తిరిగి హైదరాబాద్ మీదుగా ఇంటికి పోదామంటే ఒకే ప్రవేశంతో కుదరదు. ఒకసారి బయటికి పోతే అంతే సంగతులు. అలాంటి ప్రయాణాల్లో చివర పెట్టుకున్న హైదరాబాద్ ఎగిరిపోయేది. 2017 ఏప్రిల్‌లో గడువు 60 రోజులకు, ప్రవేశాలు రెండుకు పెంచారు. కొత్త రోడ్డు వేయలేదు, హోటల్ కట్టలేదు, ప్రకటన ఇవ్వలేదు. ఒకటి అనే అంకె రెండు అయింది. ఆ శీతాకాలం నుంచి శ్రీలంక తర్వాత హైదరాబాద్ వచ్చే అతిథులు మళ్లీ కనిపించారు.

అదే 2017లో ఈ-వీసాను పర్యాటకం, వ్యాపారం, వైద్యం అని విడదీశారు. హైదరాబాద్‌లో ఉన్నవారికి వైద్యం గడి అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఒమన్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి రోగులతో పాటు వచ్చే అన్నదమ్ములు, కొడుకులు సాయంత్రాలు చార్మినార్ దగ్గర కనిపిస్తారు. ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తూ ఊరు చూసే ఆ మనుషులకు గైడు కంటే పక్కన నడిచే మనిషి అవసరం. వాళ్లతో నడిచినప్పుడు నేను చరిత్ర తక్కువ చెబుతాను.

ఇక రుసుము. 2019 ఆగస్టులో పర్యాటక ఈ-వీసాను 30 రోజులు, ఏడాది, అయిదేళ్లు అని వేరుచేసి, 30 రోజుల వీసాకు రెండు ధరలు పెట్టారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 10 డాలర్లు, మిగిలిన నెలల్లో 25 డాలర్లు. ఏడాది వీసాకు 40, అయిదేళ్లకు 80. ఎండాకాలంలో అతిథులను రప్పించడానికి వీసా ధరనే తగ్గించడం మంచి ఆలోచన అని ఇప్పటికీ అంటాను. కాగితపు వీసాల కాలంలో నెలను బట్టి ధర మార్చడం ఎవరూ తలపెట్టి ఉండరు. ఆన్‌లైన్ ఫారంలో అది చిన్న పని. హైదరాబాద్ ఎండలో మే నెల గోల్కొండ ఎక్కించడం కష్టమే, కానీ ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదిన్నరకు ముగిస్తే బాగానే సాగుతుంది. ఆ ఆలోచన ఫలిస్తుందో లేదో తేలే మొదటి వేసవి 2020. ఆ మార్చిలోనే కరోనాతో వీసాలన్నీ ఆగిపోయాయి.

కరోనా తర్వాత జరిగిన సంగతి ఎందుకో ఎక్కువమంది మాట్లాడరు. 2021 అక్టోబరు, నవంబరుల్లో తలుపులు తెరిచారు, మొదటి అయిదు లక్షల పర్యాటక వీసాలు ఉచితమన్నారు. అదే సమయంలో బ్రిటన్ పౌరులకు మాత్రం ఈ-వీసా తిరిగి ఇవ్వలేదు. 2019లో బ్రిటన్ నుంచి దాదాపు పది లక్షల మంది వచ్చారు. మనకు అతిథులను పంపే దేశాల్లో అది మొదటి వరుసలో ఉంటుంది. 2022 శరదృతువులో వాళ్లంతా వీసా కేంద్రానికి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. ఏజెంట్లు వాళ్ల తరఫున కాగితాలు ఇవ్వడానికి వీల్లేదన్న నిబంధన కూడా అప్పుడే గట్టిగా అమలైంది. అపాయింట్‌మెంట్లు దొరకలేదు. రాజస్థాన్‌కూ కేరళకూ రావలసిన బృందాలు రద్దయ్యాయి. ఆ డిసెంబరులో ఈ-వీసా తిరిగి వచ్చేసరికి సీజను సగం గడిచిపోయింది.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఆ ఏడాది రావాలనుకున్నాడు. ఆయన తాత సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పనిచేశాడు. తాత ఉన్న బంగళా గోడ అయినా మిగిలి ఉంటుందా అని నన్ను ఈమెయిల్‌లో అడిగి, పాత ఫొటో ఒకటి పంపించాడు. ఫొటోలో వెనక ఉన్న చర్చి గోపురాన్ని బట్టి వీధిని గుర్తుపట్టి చెప్పాను. ఆయన ఉండేది వీసా కేంద్రానికి నాలుగు గంటల దూరంలో. మోకాళ్ల నొప్పులు. రాలేకపోయాడు. దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఎవరి వాదన వాళ్లకు ఉంటుంది. దాని మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్కటి మాత్రం కళ్లారా చూశాను. కాగితాల కాలంలో ఆంక్షలు పెట్టాలంటే ఆదేశాలు, సిబ్బంది, కౌంటర్లు మారాలి. ఇప్పుడు జాబితాలోంచి ఒక పేరు తీసేస్తే చాలు, మర్నాటి ఉదయానికి అమల్లోకి వస్తుంది. తలుపు అంత తేలిగ్గా తెరుచుకుంటుందని సంబరపడే విధానకర్తలు అది అంత తేలిగ్గానే మూసుకుంటుందని, దాని వెనక డ్రైవర్లు, వంటవాళ్లు, గైడ్లు ఆరు నెలల ముందే పెట్టుకున్న లెక్కలు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

పొరుగున శ్రీలంకలో ఇంకో పాఠం ఉంది. అక్కడ 2012 నుంచి ప్రభుత్వమే నడిపిన ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి వ్యవస్థ చక్కగా పనిచేసేది. 2024 ఏప్రిల్‌లో దాన్ని పక్కన పెట్టి కొత్త ఈ-వీసా పనిని విదేశీ సంస్థల కూటమికి అప్పగించారు. వీసా రుసుము మీద సర్వీసు రుసుములు పడ్డాయి. కొలంబో విమానాశ్రయంలో ఒక స్థానికుడు దీని మీద గొంతెత్తిన వీడియో దేశమంతా తిరిగింది. ఆగస్టు 2న సుప్రీంకోర్టు కొత్త పద్ధతిని ఆపి పాతదాన్ని పునరుద్ధరించమంది. ఆ ఆదేశం అమలు చేయనందుకు సెప్టెంబరులో వలస శాఖ అధిపతినే రిమాండుకు పంపింది. ఆ తర్వాతే పాత వ్యవస్థ తిరిగి వచ్చింది. ఉన్నది బాగా పనిచేస్తున్నప్పుడు ఆధునికీకరణ పేరుతో దాన్ని తీసేయడం ఎంత ప్రమాదమో అంతకంటే స్పష్టంగా ఎవరూ చూపలేరు. వియత్నాం ఎదురు దారిలో వెళ్లింది. 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాల వారికీ 90 రోజుల ఈ-వీసా ఇచ్చింది. 2024లో అక్కడికి 1.75 కోట్ల మంది విదేశీయులు వెళ్లారు. ఆ ఏడాది మనకు వచ్చింది కోటికి కొంచెం తక్కువ. మన తెలుగువాళ్లే ఇప్పుడు గుంపులుగా హనోయ్ వెళ్తున్నారు, మీ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు చూసే ఉంటారు.

వీసా దాటి లోపలికి వస్తే రెండో తలుపు చారిత్రక కట్టడం ముందు ఉంటుంది. పురావస్తు సర్వేక్షణ సంస్థ ఆన్‌లైన్ టిక్కెట్లు 2014 చివర్లో తాజ్‌మహల్‌తో మొదలై దేశమంతా విస్తరించాయి. 2018 ఆగస్టులో ధరలు పెంచినప్పుడు, నగదు లేకుండా కొంటే భారతీయులకు అయిదు రూపాయలు, విదేశీయులకు యాభై రూపాయలు తగ్గించారు. కరోనా తర్వాత 2020 జూలైలో కట్టడాలు తెరిచినప్పుడు కొంతకాలం క్యూఆర్ కోడ్ టిక్కెట్లే దిక్కయ్యాయి. చిల్లర కోసం గొడవ పోయింది, పొడవాటి వరుసలు తగ్గాయి. ఇందులో నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు ఇంకో చోట ఉంది. ఒక పాత కోట, పేరు చెప్పను. కౌంటర్ కిటికీ మీద "ఆన్‌లైన్‌లో మాత్రమే" అన్న కాగితం అతికించి ఉంది. నా అతిథి గోడ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివించాడు. పేరు, దేశం, పాస్‌పోర్టు నంబరు రాశాడు. కార్డు నంబరు కొట్టాడు. బ్యాంకు పంపే ఓటీపీ రావాలి. ఆయన నంబరు జర్మనీది, రోమింగ్‌లో ఉంది. రాలేదు. మళ్లీ మొదటి నుంచి. భార్య కార్డుతో ఇంకోసారి. అప్పటికే ఎండ రాతి మెట్ల మీదికి పాకింది. వెనక నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన బడిపిల్లలు, చేతిలో పేర్ల జాబితాతో వాళ్ల మాస్టారు, ఓపిగ్గా నిలబడ్డారు. చివరికి నేను నా ఫోన్‌లో యూపీఐతో ఇద్దరి టిక్కెట్లూ కొన్నాను. పావు నిమిషం పట్టింది. తలకు 250 చొప్పున అయిన మొత్తానికి ఆయన నా చేతిలో అయిదు వందల నోటు పెట్టాడు. డబ్బు ఉంది, తీసుకునే మనిషి కిటికీ వెనకే ఉన్నాడు, వాళ్లిద్దరి మధ్య వ్యవస్థ ఒప్పుకోలేదు. ఈ సన్నివేశం దేశంలో ఎన్ని ద్వారాల దగ్గర జరుగుతుందో గైడ్లందరికీ తెలుసు. గైడు లేకుండా వచ్చిన అతిథి ఏం చేస్తాడు? వెనుదిరిగి పోతాడు. ఆ వెనుదిరిగిన మనిషి ఏ లెక్కలోనూ ఉండడు.

యూపీఐ మన గొప్ప. మదీనా సెంటర్ దగ్గర చాయ్ బండికి, పుచ్చకాయ ముక్కలమ్మే కుర్రాడికి, రిక్షా తొక్కే ముసలాయనకు క్యూఆర్ కోడ్ ఉంది. దానివల్లే విదేశీయుడికి కొత్త ఇబ్బంది వచ్చింది. అందరూ ఫోన్లో చెల్లిస్తున్నారు కాబట్టి చాయ్ బండి గల్లాలో చిల్లర లేదు. ఏటీఎం నుంచి అయిదు వందల నోట్లు తెచ్చుకున్న అతిథి ఇరవై రూపాయల చాయ్ తాగలేకపోతున్నాడు. భారతీయ బ్యాంకు ఖాతా లేని విదేశీయులు కూడా యూపీఐ వాడుకునే ఏర్పాటు 2023లో జీ20 సమావేశాల వేళ మొదలైంది. ముందే డబ్బు నింపుకునే వాలెట్ అది. మంచి ఏర్పాటు. ఈ-వీసా అనుమతి పత్రం ఈమెయిల్‌లో వెళ్లినప్పుడే ఆ వాలెట్ దరఖాస్తు కూడా దానితో వెళ్లాలని నా కోరిక. ఆ మనిషి పాస్‌పోర్టు, ఫొటో, ప్రయాణ తేదీ అప్పటికే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. శాఖల మధ్య గోడ ఒక్కటే అడ్డు. 2022లో కేంద్ర పర్యాటక శాఖ తయారు చేసిన జాతీయ పర్యాటక విధాన ముసాయిదాలో డిజిటల్ మిషన్ అని ఒకటి ఉంది. చెల్లాచెదురుగా ఉన్న వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్నదే దాని సారం. ఆ మాట నిజం కావలసింది ఇలాంటి చాయ్ బండి దగ్గరే.

ఇప్పుడు అంకెల గురించి కొంచెం. విదేశీ పర్యాటకుల లెక్క వలస అధికారులు చూసే పాస్‌పోర్టు నుంచి వస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న గుంటూరు అమ్మాయి సంక్రాంతికి అమ్మానాన్నల దగ్గరికి వస్తే ఆమె కూడా విదేశీ పర్యాటకురాలే. 2023లో వచ్చిన విదేశీయుల్లో నాలుగో వంతుకు పైగా ఇలా మూలాలు ఇక్కడే ఉన్నవారు. వాళ్లకు హోటల్ గది అక్కర్లేదు, గైడు అక్కర్లేదు. పిల్లలకు గోల్కొండ చూపించాలని మాత్రం ఉంటుంది. మన అంకెల్లో వాళ్లు ఇంత పెద్ద భాగమైనా వాళ్ల కోసం ప్రత్యేకంగా ఆలోచించిన విధానం నాకు కనిపించలేదు. ఇక దేశీయ పర్యాటకుల లెక్క రాష్ట్రాలు ఇస్తాయి. 2023లో అది దాదాపు 251 కోట్లు. మన జనాభా కంటే ఎక్కువ కదా అనుకోవద్దు, అవి మనుషులు కాదు, సందర్శనలు. తిరుమల లాంటి చోట ఆన్‌లైన్ టిక్కెట్లు, టైమ్ స్లాట్ల పుణ్యమా అని ఏ గంటకు ఎందరొస్తారో ముందే తెలుస్తుంది. అక్కడ డిజిటల్ వ్యవస్థ పని జనాన్ని పెంచడం కాదు, వచ్చే జనాన్ని సర్దడం. మూడు నెలల ముందే 300 రూపాయల దర్శనం టిక్కెట్లు విడుదలైన ఉదయం ఇంటర్నెట్ సెంటర్ల దగ్గర నిలబడే పల్లెటూరి కుటుంబాలను చూస్తే, ఫోను ముందు అందరూ సమానం కాదని తెలుస్తుంది.

రామప్పలో ఇదేమీ లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి, ప్రవేశ టిక్కెట్టు లేదు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ వార్త ఫోన్లలోకి వచ్చిన వారం నుంచే పాలంపేట దారిలో కార్లు పెరిగాయి. కేంద్రం 2024 నవంబరులో 23 రాష్ట్రాల్లోని 40 పర్యాటక ప్రాజెక్టులకు 3,295.76 కోట్ల రూపాయలు మంజూరు చేసినప్పుడు అందులో రామప్ప ప్రాంతానికి దాదాపు 74 కోట్లు దక్కాయి. ఆంధ్రలో గండికోట కూడా ఆ జాబితాలో ఉంది. పెన్న మలుపు ఫొటో ఫోన్లలో తిరగకముందు గండికోట పేరు కడప జిల్లా దాటి ఎందరికి తెలుసు? ఫోన్లో బాగా కనిపించేది ముందు ప్రజల కళ్లలో పడుతుంది, తర్వాత ప్రభుత్వం కళ్లలో పడుతుంది. ఆ రెండు చోట్లకూ డబ్బు రావడం నాకు సంతోషం. నా బెంగ ఫొటోలో ఒదగని చోట్ల గురించి. రామప్పకు దగ్గర్లోనే ఘనపురంలో కోటగుళ్లు ఉన్నాయి. రామప్ప దగ్గర ఆగిన కార్లలో పదో వంతు అయినా అక్కడ ఆగవు. నేను తీసుకెళ్లిన ప్రతి అతిథీ అక్కడ గంట తక్కువ కాకుండా ఉన్నారు.

చివరగా నా వృత్తి సంగతి. కేంద్ర పర్యాటక శాఖ ఆన్‌లైన్ శిక్షణతో పర్యాటక సహాయకులను తయారు చేస్తోంది. ఇంట్లో కూర్చుని పాఠాలు విని, పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందవచ్చు. పాత గైడ్లం చాలామంది దీన్ని వ్యతిరేకించాం, ఆ వాదనలో కొంత పొట్టకూటి భయం ఉంది, అది సహజం. కానీ ములుగులో చదువుకున్న అమ్మాయి హైదరాబాద్ రాకుండానే ఈ వృత్తిలోకి రాగలుగుతోంది. నేను చేరిన రోజుల్లో అది కుదిరే పని కాదు. అలా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు రామప్పలో నా వెంట నడుస్తారు. తెర మీద పాఠం వాళ్లకు కాకతీయుల వంశావళి నేర్పింది. స్తంభం మీద చెక్కిన దారమంత సన్నని రంధ్రాల్లోంచి వెలుగు ఏ వేళకు దూరుతుందో, అప్పుడు అతిథిని ఎటు నిలబెట్టాలో అక్కడ నిలబడి నేర్చుకోవాలి. గోల్కొండ ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని ప్రతి యాప్ చెబుతుంది. పది మంది గైడ్లు ఒకేసారి చప్పట్లు కొట్టే వేళ కాకుండా, గాలి తగ్గిన వేళ చూసి కొట్టాలని ఏ యాప్‌లోనూ లేదు. ఆన్‌లైన్ శిక్షణ తర్వాత ఆరు నెలలు ఒక అనుభవమున్న గైడు వెంట నడవడం తప్పనిసరి చేయాలని, ఆ ఆరు నెలలకు భత్యం ఇవ్వాలని రాతపూర్వకంగా అడిగాం. జవాబు కోసం చూస్తున్నాం.

విదేశాల్లో ఉన్న తెలుగు పాఠకులకు ఒక విన్నపం. 2024 మార్చిలో ప్రధాని శ్రీనగర్ సభలో ప్రవాసులందరూ కనీసం అయిదుగురు విదేశీ మిత్రులను భారత్‌కు రమ్మని పిలవాలని కోరారు. చలో ఇండియా అని దానికి పేరు. మీరు పిలిస్తే మీ స్నేహితుల దరఖాస్తు దగ్గర కొంచెం పక్కన కూర్చోండి. అసలు ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర "జీఓవీ డాట్ ఇన్" ఉంటుంది. అది లేని, అచ్చం అలాగే కనిపించే సైట్లు రెట్టింపు రుసుము గుంజుతాయి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. 30 రోజుల వీసాకు ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఏడాది, అయిదేళ్ల వీసాలకు 120 రోజుల ముందు నుంచే వీలుంది. దిగే విమానాశ్రయం అన్న గడి దగ్గర ఢిల్లీ, ముంబై మాత్రమే కాదు, హైదరాబాద్ కూడా ఉంటుంది, విశాఖపట్నం కూడా ఉంటుంది. వాళ్లు ఏది నొక్కాలో మీరే చెప్పండి.